తలుపు నుంచి సూది దాకా

"ఎప్పుడు మొదలైందమ్మా?"

"పొద్దున్నే సార్. ఆరింటికి లేపబోతే నోరు వంకరపోయి ఉంది. కుడిచెయ్యి వాలిపోయింది. మాట రావట్లేదు."

జూనియర్ డాక్టరు కేసు షీటులో 'ఉదయం 6:00' అని రాసేశాడు. పక్కన నిలబడ్డ సీనియర్ డాక్టరమ్మ ఆ కాగితం వంక ఒకసారి చూసి, ఏమీ అనకుండా, మళ్లీ మొదటినుంచీ అడగడం మొదలుపెట్టింది. రాత్రి అన్నం ఆయన చేత్తోనే కలుపుకున్నారా? పడుకునేముందు మాట్లాడారా? మధ్యలో లేచారా? ఐదో ప్రశ్నకో ఆరో ప్రశ్నకో ఆ ఇల్లాలికి గుర్తొచ్చింది. పాలవాడు బెల్లు కొడితే ఆయనే లేచి గిన్నె పట్టుకెళ్లాడు. చిల్లర దగ్గర వాడితో కాసేపు వాదించాడు కూడా. ఆ తర్వాత మళ్లీ వచ్చి పడుకున్నాడు.

"పాలవాడు ఎన్నింటికొస్తాడు?"

"ఐదుంపావుకండీ. రోజూ అదే టైము."

ఆ ఇల్లాలు నిజానికి అదే ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. స్ట్రెచర్ మీద నోరు వంకర పెట్టుకుని పడుకున్నది ల్యాబ్ టెక్నీషియన్. అదొక ఆదివారం పూట జరిగిన శిక్షణ. గోడకి ఆనుకుని చూస్తున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి. నాటకం అయ్యాక డాక్టరమ్మ లెక్క విప్పి చెప్పింది. ఆరు గంటలన్నది భార్య చూసిన సమయం, జబ్బు మొదలైన సమయం కాదు, కాబట్టి ఆ అంకె తప్పు. నిద్రలో ఎప్పుడు మొదలైందో తెలియనప్పుడు ఆఖరిసారి బాగున్నట్టు ఎవరైనా చూసిన సమయాన్నే పట్టుకోవాలి. పాలవాడే లేకపోతే అది రాత్రి పడుకునేముందు మాట్లాడిన పదింటికి పోతుంది. అప్పుడు మామూలు సీటీ ఒక్కటే చూసి గడ్డ కరిగించే మందు ఇవ్వడానికి వీలుండదు. పాలవాడు ఉన్నాడు గనక గడువు ఐదుంపావు నుంచి నాలుగున్నర గంటలు, అంటే తొమ్మిది ముప్పావు దాకా. చిల్లర దగ్గర జరిగిన ఆ వాదనే ఆయన మాట బాగుందనడానికి సాక్ష్యం.

పక్షవాతం గురించి డాక్టర్లకు, నర్సులకు నేర్పేదంటే మెదడు బొమ్మలు, ధమనుల పేర్లు, కొత్త మందుల జాబితా అనుకుని వెళ్లాను. అవీ ఉన్నాయి. కానీ ఆ రోజు ఎక్కువసేపు నడిచింది ఈ పాలవాడి వ్యవహారమే. ప్రశ్న ఎలా అడగాలి, స్ట్రెచర్ ఎవరు తొయ్యాలి, తూకం ఎక్కడుంది, ఫోను ఎవరు చెయ్యాలి. ఇవి ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే ముందు మెదడు లోపలికి వెళ్లాలి.

మెదడు బరువు ఒంటి బరువులో రెండు శాతం. గుండె పంపే రక్తంలో మాత్రం ఏడో వంతు దాకా తనే తీసుకుంటుంది. నూరు గ్రాముల మెదడుకి నిమిషానికి సుమారు 50 మిల్లీలీటర్ల రక్తం అందాలి. అది 20కి పడిపోతే నాడీకణాలు విద్యుత్ సంకేతాలు ఆపేస్తాయి, కానీ చావవు. 10కి దిగితే చస్తాయి. రక్తనాళంలో గడ్డ అడ్డుపడ్డప్పుడు దాని వెనకున్న ప్రాంతం నడిమధ్య ఈ రెండో గీత కిందికి పోతుంది. చుట్టూ ఉన్న ప్రాంతం రెండు గీతల మధ్య వేలాడుతుంది. అక్కడి కణాలు పని మానేసి ఊపిరి మాత్రం బిగబట్టుకుని ఉంటాయి. 1977లో ఆస్ట్రప్, సైమన్, వారి సహచరులు బబూన్ కోతుల్లో ఈ రెండు గీతల్నీ కొలిచి చూపించారు. 1981లో ఈ మధ్య ప్రాంతానికి గ్రహణాల పరిభాష నుంచి పెనంబ్రా అని పేరొచ్చింది. మనం ఉపచ్ఛాయ అనుకోవచ్చు. సూర్యగ్రహణంలో ఉపచ్ఛాయలో ఉన్న ఊరికి చీకటి పూర్తిగా పడదు. నీడ జరిగిపోతే వెలుగు వచ్చేస్తుంది. మెదడులో ఆ నీడ చాలాసార్లు తనంతట తాను జరగదు. ఆలస్యమైన కొద్దీ మధ్యనున్న చీకటే పాకుతూ అంచుల్ని మింగుతుంది.

ఎంత వేగంగా మింగుతుంది? అమెరికా నాడీవైద్యుడు జెఫ్రీ సేవర్ 2006లో లెక్కగట్టాడు. పెద్ద రక్తనాళం మూసుకుపోయిన సగటు కేసులో నిమిషానికి 19 లక్షల నాడీకణాలు, ఆ కణాలు ఒకదానితో ఒకటి కలిసే 1400 కోట్ల సినాప్సులు, 12 కిలోమీటర్ల నాడీతంతువులు పోతాయి. సగటు అన్నమాట మర్చిపోకూడదు. పక్కదారి రక్తనాళాలు బలంగా ఉన్నవాళ్లలో ఉపచ్ఛాయ గంటల తరబడి నిలుస్తుంది. లేనివాళ్లలో గంటలోనే పోతుంది. గడ్డని తొడ దగ్గరి ధమనిలోంచి గొట్టం పంపి లాగేసే చికిత్సను 24 గంటల దాకా కూడా, స్కాన్‌లో ఉపచ్ఛాయ మిగిలినట్టు కనిపించిన వాళ్లకు చెయ్యొచ్చని 2018లో వచ్చిన పరీక్షలు తేల్చింది అందుకే. అయితే ఆ చికిత్స దొరికే ఊళ్లు తక్కువ. ఈ అధ్యాయం ఎక్కువగా మందు గురించి.

ఆ మందు మన ఒంట్లోనే ఉంది. రక్తం గడ్డకట్టడమెంత అవసరమో, పని అయ్యాక ఆ గడ్డ కరగడమూ అంతే అవసరం. కరిగించే పనికి పురమాయించే ప్రోటీను పేరు టీపీఏ. దాన్ని కర్మాగారంలో తయారుచేస్తే ఆల్టెప్లేజ్. రక్తంలో నిద్రపోతున్న ప్లాస్మినోజెన్‌ని అది తట్టిలేపి ప్లాస్మిన్‌గా మారుస్తుంది. ప్లాస్మిన్ వెళ్లి గడ్డలోని ఫైబ్రిన్ పోగుల్ని కత్తిరిస్తుంది. 1995 డిసెంబరులో అమెరికా నుంచి 624 మంది రోగులపై జరిగిన పరీక్ష ఫలితం వెలువడింది. మూడు గంటల్లోపు ఈ మందు తీసుకున్నవాళ్లలో, మూడు నెలల తర్వాత వైకల్యం దాదాపు లేకుండా తిరిగేవాళ్లు ఎక్కువగా తేలారు. అదే పరీక్షలో ఇంకో అంకె కూడా ఉంది. మెదడులో ప్రమాదకరంగా రక్తస్రావం అయినవాళ్లు మందు తీసుకున్నవాళ్లలో 6.4 శాతం, తీసుకోనివాళ్లలో 0.6 శాతం. 2008లో ఐరోపా పరీక్ష ఒకటి గడువుని నాలుగున్నర గంటలకి పెంచింది.

చికిత్సలో సగం భయం ఆ 6.4 లోనే ఉంది. అసలు వచ్చింది గడ్డ వల్ల కాక రక్తనాళం చిట్లడం వల్ల అయితే ఈ మందు మనిషిని తీసేస్తుంది. ఆ రెంటినీ బయటినుంచి చూసి విడదియ్యడం ఎంతటి అనుభవజ్ఞుడి వల్లా కాదు. రెంటిలోనూ మూతి వంకరపోతుంది, రెంటిలోనూ చెయ్యి పడిపోతుంది. అందుకే ముందు సీటీ స్కాన్. ఇంకోటి, వేలికొన రక్తంతో షుగరు పరీక్ష. ఒంట్లో చక్కెర బాగా పడిపోయినా అచ్చం పక్షవాతంలాగే ఒకవైపు చచ్చుబడొచ్చు. గ్లూకోజు ఎక్కిస్తే లేచి కూచుంటారు.

రోగి ఆసుపత్రి తలుపు దాటిన క్షణం నుంచి మందు ఒంట్లోకి ఎక్కే క్షణం దాకా పట్టే కాలాన్ని తలుపు నుంచి సూది దాకా అంటారు. దీని కథలో నాకు నచ్చేది ఫిన్లండ్ రాజధాని హెల్సింకీ. అక్కడి యూనివర్సిటీ ఆసుపత్రిలో 1998లో ఈ కాలం మధ్యస్థంగా 105 నిమిషాలు. 2011కి అది 20 నిమిషాలైంది. కొత్త మందు రాలేదు, కొత్త యంత్రమేదీ అద్భుతం చెయ్యలేదు. పన్నెండు చిన్నచిన్న మార్పులు చేశారు, అదీ ఒక్కసారిగా కాదు, ఏళ్లమీద. అంబులెన్సు వాళ్లు దారిలోంచే ఫోను చేస్తారు. ఆ ఫోనులోనే పేరు, వయసు, మందులు, ఆఖరిసారి బాగున్న సమయం తెలుసుకుంటారు. రోగి రాకముందే పాత రికార్డు తీసి, రక్త పరీక్షలకు ఆర్డరు పెట్టేస్తారు. వచ్చిన రోగిని క్యాజువాలిటీ మంచం మీదికి మార్చరు. అంబులెన్సు స్ట్రెచర్ నేరుగా స్కాన్ గదికి పోతుంది. సీటీ యంత్రాన్ని అత్యవసర విభాగం పక్కకి తెచ్చారు. స్కానులో రక్తస్రావం లేదని కళ్లతో చూడగానే అక్కడే, ఆ సీటీ బల్ల మీదే, మొదటి మోతాదు ఇచ్చేస్తారు. ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్‌లోని ఒక పెద్ద ఆసుపత్రి ఇదే పద్ధతి తెచ్చుకుని నాలుగు నెలల్లో 61 నిమిషాల్ని పనివేళల్లో 25 చేసింది. పదమూడేళ్లు పట్టిన పాఠాన్ని నాలుగు నెలల్లో నేర్చుకోవచ్చన్నమాట, నేర్పడం తెలిస్తే.

ఈ కథలో మనిషి బుద్ధికి సంబంధించిన ఒక వింత కూడా బయటపడింది. జబ్బు మొదలైన అరగంటకే వచ్చిన రోగికి, రెండున్నర గంటలకి వచ్చిన రోగి కంటే ఆసుపత్రి లోపల ఎక్కువ ఆలస్యం జరుగుతుంది. ఇంకా టైముంది కదా అని అందరి చేతులూ నెమ్మదిస్తాయి. మూడు గంటలున్న పరీక్ష హాల్లో మొదటి గంట ఎలా గడుస్తుందో మనకి తెలియంది కాదు. గడువు అన్న మాటే ఇక్కడ మోసం చేస్తోంది. నాలుగున్నర గంటలన్నది ఆఖరి బస్సు టైము. ఆ బస్సుకే వెళ్లమని ఎవరూ చెప్పలేదు.

ఇక తూకం. ఆల్టెప్లేజ్ మోతాదు కిలోకి 0.9 మిల్లీగ్రాములు, 90 దాటకూడదు. అందులో పదో వంతు ఒక్క నిమిషంలో, మిగతాది గంటసేపు పంపు మీద. అరవై కిలోల మనిషికి 54 మిల్లీగ్రాములు: ముందు 5.4, తర్వాత 48.6. ఎక్కువైతే మెదడులో రక్తస్రావం, తక్కువైతే గడ్డ కరగదు. కాబట్టి బరువు కావాలి. లేవలేని మనిషిని తూచడమెలా? నేను చూసిన ఆ నాటకంలో అంతా ఆగిపోయింది ఇక్కడే. తూకం యంత్రం పై అంతస్తులో, పిల్లల వార్డులో ఉందట. దాని మీద నిలబడాలట. బంధువుని అడిగితే "సన్నగానే ఉంటాడండీ" అన్నాడు. ఎవరూ నవ్వలేదు, ఎందుకంటే నిజమైన రోగి వచ్చినా ఇదే జరిగేదని అందరికీ అర్థమైంది. ఆ తర్వాత ఎవరో ఆసుపత్రి కొనుగోళ్ల రిజిస్టరు తెప్పించి, స్ట్రెచర్‌తో సహా తూచే యంత్రం పేరు రాయించారు. స్లైడ్ల ఉపన్యాసాలు వంద విన్నా ఆ పేరు రిజిస్టరులోకి ఎక్కేది కాదు. ఇప్పుడు ఆల్టెప్లేజ్‌కి తోబుట్టువు టెనెక్టెప్లేజ్ వచ్చింది. ఒంట్లో ఎక్కువసేపు నిలిచేలా ఆ ప్రోటీనుని మూడుచోట్ల మార్చారు. అందుకే ఒక్క ఇంజెక్షన్‌తో సరిపోతుంది, గంటసేపు పంపు అక్కర్లేదు. అమెరికా దాన్ని పక్షవాతానికి 2025 మార్చిలో ఆమోదించింది. కానీ దానికీ బరువు కావాలి.

ఉపన్యాసాల సంగతి వచ్చింది గనక చెబుతాను. మన దేశంలో డాక్టరు ప్రతి అయిదేళ్లలో కనీసం 30 గంటలు ఇలాంటి నిరంతర వైద్యవిద్యలో పాల్గొనాలని 2002 నాటి నైతిక నియమావళి చెబుతుంది. వాటినే అందరూ సీఎంఈలంటారు. చాలావరకు హోటల్ హాల్లో జరుగుతాయి. సంతకం, సంచి, నాలుగు ప్రసంగాలు, బిర్యానీ, క్రెడిట్ గంటలు. వెక్కిరింపుగా అనట్లేదు. ఆ హాల్లోనే పాత స్నేహితులు కలుస్తారు, కష్టమైన కేసుల మీద మాటలు నడుస్తాయి. కానీ కెనడా పరిశోధకుడు డేవ్ డేవిస్ బృందం 1999లో అప్పటిదాకా వచ్చిన పరీక్షలన్నీ కూడబెట్టి చూస్తే, కూచోబెట్టి చెప్పే ప్రసంగం ఒక్కటే డాక్టరు చేతి పనిని మార్చినట్టు కనిపించలేదు. చేయించి, మాట్లాడించి, మళ్లీ చేయించినవి మార్చాయి. వినడం వేరు, చెయ్యి తిరగడం వేరు. ఈ రెండో మాట తెలుగులో ఎప్పటినుంచో ఉంది.

పైగా చెయ్యి తిరగడం కంటే కష్టమైనది, తిరిగిన చేతిని ఆపడం. పక్షవాతం వచ్చిన మనిషికి బీపీ పెరుగుతుంది. చాలామందిలో అది మెదడు తనను తాను కాపాడుకునే ప్రయత్నం. మూసుకున్న నాళం చుట్టూ ఉన్న పక్కదారుల్లోకి రక్తాన్ని నెట్టాలంటే ఒత్తిడి కావాలి. ఒకప్పుడు బీపీ 190 కనబడగానే నాలుక కింద నిఫెడిపిన్ చిదిమేవారు. కాసేపట్లో బీపీ ధబాలున పడేది, దాంతోపాటు ఉపచ్ఛాయలో ఊపిరి బిగబట్టుకున్న కణాలూ పోయేవి. ఆ పద్ధతి ప్రమాదమని 1990లలోనే తేలింది. కానీ అంకె పెద్దదిగా కనిపిస్తే దింపాలనిపించే చెయ్యి ఇప్పటికీ ఊరుకోదు. గడ్డ కరిగించే మందు ఇచ్చేట్టయితే 185/110 కిందికి దించాలి, అదీ అదుపుగా. ఇవ్వనప్పుడు 220/120 దాటేదాకా మొదటి రోజు సాధారణంగా ముట్టుకోరు. ఏమీ చెయ్యకుండా మంచం పక్కన నిలబడటం ఎలాగో నేర్పే పాఠం వైద్యంలో అన్నిటికంటే కష్టం. బంధువులు చూస్తూ ఉంటారు కదా.

జబ్బు ఎంత తీవ్రంగా ఉందో కొలిచే కొలబద్ద ఒకటుంది. సున్నా నుంచి 42 దాకా మార్కులు. కళ్లు తిప్పించాలి, చేతులు చాపించాలి, బొమ్మ చూపించి చెప్పించాలి. దీన్ని వీడియోల మీద నేర్పి పరీక్ష పెట్టి ధ్రువపత్రం ఇస్తారు. ప్రపంచంలో ఏ ఇద్దరు నర్సులు కొలిచినా ఒకే అంకె రావాలన్నది ఉద్దేశం. మంచిదే. కానీ ఉచ్చారణ పరీక్షించే ఇంగ్లీషు పదాల పట్టికలో హకిల్‌బెరీ ఉంది, బేస్‌బాల్ ప్లేయర్ ఉంది. మిరప చేనులోంచి నేరుగా వచ్చిన అరవయ్యేళ్ల మనిషి హకిల్‌బెరీ అనలేకపోతే తప్పు మెదడుదా, పళ్లదా? తెలుగులో ఏం పలికించాలి? ద్విత్వాలు, ఒత్తులు, ళకారాలు ఉన్న మాటలు మనకేం కొదవ? ఆ పట్టికని మక్కీకిమక్కీ దించుకోకుండా, ఏ శబ్దాన్ని పరీక్షించడానికి ఏ పదం పెట్టారో తెలుసుకుని మన పదం పెట్టుకోవాలి. ఇంకో లోటు కూడా ఉంది. ఆ 42లో భాషతో ముడిపడ్డవి 7 మార్కులు, పక్కనున్న లోకాన్నే గుర్తించలేకపోవడానికి 2. కాబట్టి మెదడు కుడి సగం దెబ్బతిని, భాష పోకుండా పక్కలోకం పోయినవాళ్ల జబ్బు కాగితం మీద చిన్నదిగా కనబడుతుంది.

భాష సంగతిలో హైదరాబాద్‌కి సొంత వాటా ఉంది. నిమ్స్ ఆసుపత్రిలో పక్షవాతం వచ్చిన 608 మంది రికార్డుల్ని సువర్ణ అల్లాడి, సుభాష్ కౌల్, వారి సహచరులు పరిశీలించి 2016లో ప్రచురించారు. రెండు భాషలు మాట్లాడేవాళ్లలో 40.5 శాతం మందికి ఆలోచనాశక్తి మామూలుగా ఉంది. ఒక్క భాషే వచ్చినవాళ్లలో 19.6 శాతం మందికే. ఇంట్లో ఒక భాష, బజారులో ఒక భాష మాట్లాడే ఊరు గనకే ఇలాంటి లెక్క తియ్యడం కుదిరింది.

నేర్పినంత మాత్రాన అన్నీ ఫలించవు. ఇది దాచకుండా చెప్పాలి. ఇంటికి పంపేముందు కుటుంబసభ్యులకే వ్యాయామాలు నేర్పి, ఇంట్లో చేయించే పద్ధతిని మన దేశంలోని 14 ఆసుపత్రుల్లో 1250 మందితో పరీక్షించారు. 2017లో వచ్చిన ఫలితం: ఆరు నెలలకి తేడా లేదు. 12 భాషల్లో సందేశాలు, వీడియోలు, పుస్తకం ఇచ్చి రెండో పక్షవాతాన్ని ఆపగలమా అని 31 కేంద్రాల్లో 4298 మందితో చూశారు. 2023లో ఫలితం: ఏడాదికి తేడా లేదు. మందుల పరీక్షల్లాగే బోధన మీద కూడా పరీక్షలు పెట్టి, పనిచెయ్యలేదని బహిరంగంగా ఒప్పుకున్న ఈ పరిశోధకుల మీద నాకు చాలా గౌరవం.

పనిచేసిన దాని సంగతి ఇప్పుడు చెబుతాను. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో శాండీ మిడిల్టన్ అనే నర్సింగ్ ప్రొఫెసర్ 19 పక్షవాత విభాగాల్లో ఒక పరీక్ష నడిపింది. 2011లో ప్రచురించారు. నేర్పింది మూడు విషయాలు: జ్వరం, షుగరు, మింగడం. ఒళ్లు 37.5 డిగ్రీల సెల్సియస్ అంటే 99.5 ఫారెన్‌హీట్ చేరితే పారాసెటమాల్. షుగరు పెరిగితే ఇన్సులిన్. చేరిన 24 గంటల్లోపు మింగగలుగుతున్నారో లేదో నర్సే పరీక్షించాలి. ముందు ప్రతి విభాగంలోనూ నర్సుల్ని, డాక్టర్లని కూచోబెట్టి మీ దగ్గర ఇది ఎందుకు జరగట్లేదో చెప్పండి అని అడిగారు. తర్వాత చేయించి నేర్పారు, మళ్లీ మళ్లీ వచ్చి గుర్తుచేశారు. మిగతా విభాగాలకు మార్గదర్శకాల కాగితం మాత్రం ఇచ్చారు. తొంభై రోజులకి చనిపోయినవాళ్లు, ఒకరి మీద ఆధారపడ్డవాళ్లు కలిపి కాగితం ఇచ్చిన చోట 58 శాతం, నేర్పిన చోట 42 శాతం. పదహారు శాతం తేడా! పారాసెటమాల్, ఇన్సులిన్, గ్లాసెడు నీళ్లు. గడ్డ కరిగించే మందు పక్షవాతం వచ్చిన కొద్దిమందికే కుదురుతుంది. ఇవి మంచం మీదున్న అందరికీ కుదురుతాయి.

మన దేశంలోని కొండ జిల్లాల్లో ఇంకో రకం ప్రయత్నం జరిగింది. హిమాచల్ ప్రదేశ్‌లో అప్పట్లో నాడీవైద్యులు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే ఉండేవారు. దాంతో సీటీ ఉన్న జిల్లా ఆసుపత్రుల్లోని మామూలు ఫిజీషియన్లకు శిక్షణ ఇచ్చి, స్కాన్ బొమ్మని ఫోనులో పెద్దాసుపత్రి నిపుణుడికి పంపి, ఆయన మాట మీద అక్కడే మందు ఎక్కించే ఏర్పాటు చేశారు. మందు ఖర్చు ప్రభుత్వానిది. ఘాట్ రోడ్డు మీద గంటల ప్రయాణం తప్పింది. మన ఏజెన్సీ ప్రాంతాల వాళ్లకి దీని విలువ వివరించక్కర్లేదు. అక్కడ ఇంకో ఆలస్యం కూడా ఉంటుంది. గాలి సోకిందని, పావురం రక్తం రాయాలని, ఫలానా ఊళ్లో ఆకుమందు ఇస్తారని పోయే మొదటి పూట. 108 బండిలో ఉండే కుర్రాడు ఆ ఇంటి గుమ్మంలో ఏం మాట్లాడాలో కూడా పాఠంలో భాగమే, కానీ ఆ పాఠం నేను ఇంకా ఎక్కడా చూడలేదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఆఖరి తరగతి మింగడం గురించి. పొద్దున భార్య వేషం వేసిన నర్సే ఇప్పుడు నర్సు. ల్యాబ్ టెక్నీషియన్ని నిటారుగా కూచోబెట్టింది. పక్షవాతం గొంతు కండరాల్నీ పట్టుకుంటుందని, నీళ్లు ఊపిరితిత్తుల్లోకి జారినా కొందరికి దగ్గు కూడా రాదని, మూడో రోజు వచ్చే నిమోనియా చాలాసార్లు మొదటి రోజు తాగించిన కాఫీదేనని చెబుతూ చెంచాతో కొంచెం నీళ్లు పోసింది. గుటక వేసేటప్పుడు కంఠముడి పైకి లేస్తోందా అని రెండు వేళ్లు ఆనించి చూసింది. ఇంకో చెంచా. "ఆ అనండి." గొంతులో నీళ్లు గురగురలాడుతున్నట్టు వినిపిస్తోందా? ల్యాబ్ టెక్నీషియన్ నటించడం మర్చిపోయి మామూలుగా మింగేశాడు. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు.

"సరే, ఇప్పుడు దగ్గారనుకుందాం," అంది. అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో 'నోటికి ఏమీ ఇవ్వకండి' అని తెలుగులో రాసి మంచం తలవైపు తగిలించింది. ఇంగ్లీషులో ఎందుకు రాయలేదని ఒక హౌస్‌సర్జన్ అడిగాడు.

"కాఫీ తెచ్చేది మీరు కాదుగా సార్," అంది.